చివరి నెలసరి గడిలో అడ్డగీత

మా నర్సింగ్ హోమ్ కేసు షీటులో పేరు, వయసు తర్వాత మూడో గడి ‘చివరి నెలసరి తేదీ’. యాభై దాటిన మనిషి ఎదురుగా కూర్చుంటే ఆ గడిలో అడ్డగీత గీసేసి కిందికి వెళ్ళిపోవడం నాకు అలవాటు. నా సర్వీసులో అలాంటి గీతలు ఎన్ని గీశానో లెక్కలేదు. వాటిలో ఒక్క గీత గురించి, ఇప్పుడిప్పుడే బోర్డు పెట్టుకుని కూర్చుంటున్న డాక్టరమ్మాయిల కోసం ఇది రాస్తున్నాను. రిటైరైన డాక్టరు కలం పట్టుకుంటే తను నయం చేసిన కేసులే రాస్తుందని మీకు అనుమానం ఉంటుంది. అందుకే నేను తప్పు చేసిన కేసుతో మొదలుపెడుతున్నాను.

అమీర్‌పేట చౌరస్తా వెనక సందులో మేం అద్దెకున్నది మూడంతస్తుల మేడ. మొదటి అంతస్తులో మా నర్సింగ్ హోమ్, పై రెండింటిలో కంప్యూటర్ కోచింగ్. అందరికీ మెట్లు ఒక్కటే. పొద్దున పదింటికి ఆ మెట్ల మీద నిండు గర్భిణులూ, ఫైళ్ళు పట్టుకున్న కుర్రాళ్ళూ ఒకరికొకరు తగలకుండా ఎక్కడమే ఒక విద్య. ఒకసారి ఓ కుర్రాడు మా కౌంటర్లో పేరు రాయించుకుని, టోకెన్ పట్టుకుని లోపలికొచ్చి, నా ముందు కూర్చుని, “మేడమ్, కొత్త బ్యాచ్ ఎప్పుడు?” అన్నాడు. “తొమ్మిది నెలలు పడుతుంది బాబూ” అన్నాను. పాపం, తలూపి వెళ్ళిపోయాడు.

బాత్రూమ్ కూడా అందరికీ ఒక్కటే, మెట్ల మలుపులో. మూత్రం పరీక్షకి సీసా చేతికిస్తే మా ఆడవాళ్ళు దాన్ని కొంగు కింద దాచుకుని ఆ పిల్లల వరసలో నిలబడాలి. మూత్రం ఆపుకోలేని బాధతో వచ్చిన మనిషి, ముందు నలుగురు కుర్రాళ్ళుండగా అక్కడ ఎలా నిలబడుతుందో నేను ఏనాడూ ఆలోచించలేదు. నాకు కావలసింది సీసా. అది వస్తే చాలు.

ఆ రోజుల్లో నేను మహా వేగం. నాకు నలభై రెండేళ్ళు, చెయ్యి మంచిదని పేరు, గది బయట ఎప్పుడూ జనం. గదికి తలుపుండేది గానీ ఎవరూ వేసేవారు కాదు, కర్టెన్ మాత్రమే. నేను అడిగేవి, వాళ్ళు చెప్పేవి బయట బెంచీ మీద వాళ్ళకి వినపడేవి. గర్భిణులు వస్తే నా మొహం వెలిగేది. ముట్లాగిపోయిన వాళ్ళు వస్తే, నిజం చెప్పాలంటే, కొంచెం విసుగు. నడుం నొప్పి, ఒళ్ళు మంటలు, మూత్రం మంట. వాళ్ళందరికీ కలిపి నా దగ్గర మూడు చీటీలుండేవి.

నాతో పన్నెండేళ్ళు పనిచేసిన ఆయా ఒకామె ఉండేది. పంజాగుట్ట వైపు బస్తీ నుంచి నడిచి వచ్చేది. నర్సులు వచ్చేవాళ్ళు, పోయేవాళ్ళు, ఆమె మాత్రం ఉండేది. నాకన్నా పదేళ్ళు పెద్ద. అక్షరం ముక్క రాదు గానీ మనిషి మెట్లెక్కే తీరు చూసి ఎన్నో నెలో చెప్పేది. నేను స్కాన్ తీయించి చూస్తే అదే ఉండేది. అయినా ఆమె మాట నేను ఎప్పుడూ నవ్వులాటకే తీసుకునేదాన్ని.

ఎండాకాలం నడుమ ఒకరోజు పదిన్నరకి, నేను చెప్పిన ఆ గీత తాలూకు ఆవిడ వచ్చింది. మధురానగర్‌లో మెస్ నడుపుతోంది. గుంటూరు వైపు నుంచి వచ్చి పదేళ్ళైందట. కోచింగుకి వచ్చిన పిల్లలు అరవై మంది ఆవిడ దగ్గర రెండు పూటలా తింటారు. టిఫిన్లు అయి, అన్నం ఎసరు పడే లోపల ఆవిడకి దొరికేది ఒక్క గంట. ముదురు రంగు చీర, నీళ్ళలో నానిన వేళ్ళు, బొట్టు లేని నుదురు. వయసు యాభై ఎనిమిది అంది.

“ఎండలకి వేడి చేసిందేమో డాక్టరు గారూ. మూత్రం మంట. మాటిమాటికీ వెళ్ళాలనిపిస్తోంది. మూత్రంలో కాస్త ఎర్రగా కూడా పడుతోందండి.”

మూడో గడిలో గీత గీశాను. దాని కింద ఇంకా కొన్ని గడులున్నాయి. తెల్లబట్ట అవుతోందా, లోపల పొడిగా, మంటగా ఉంటోందా, భర్తతో కలిసినప్పుడు నొప్పా అని. పెన్ను అక్కడిదాకా వెళ్ళి ఆగింది. భర్త లేని పెద్దావిడని ఇవన్నీ అడిగి సిగ్గుపడేలా చేయడం దేనికనుకున్నాను. అది మర్యాద అనుకున్నాను. గీతని అలాగే కిందిదాకా లాగేసి, సీసా ఇచ్చి పంపాను. రిపోర్టులో ఎర్రకణాలు ఉన్నాయి, చీముకణాలు కొద్దిగా ఉన్నాయి. ఇన్ఫెక్షన్ అని రాసి, అయిదు రోజుల మాత్రలు ఇచ్చి, నీళ్ళు బాగా తాగమన్నాను.

నెల తిరక్కుండా మళ్ళీ వచ్చింది. మాత్రలు వాడినప్పుడు కాస్త తగ్గిందట, మళ్ళీ మొదలైందట. ఈసారి కల్చర్ పరీక్షకి పంపాను. మూత్రంలో క్రిములేవీ పెరగలేదని వచ్చింది. ఆ కాగితం చూసి నేను ఆగాలి. ఆగలేదు. మందుల షాపులో ఏదో మాత్ర మింగి వచ్చి ఉంటుంది, అందుకే పెరగలేదని నాకు నేనే చెప్పుకుని ఇంకో రకం మాత్రలు రాశాను. మూడోసారి వచ్చినప్పుడు కసురుకున్నాను కూడా. “మీరు నీళ్ళు తాగరు. పొయ్యి దగ్గర అన్ని గంటలు నిలబడి నీళ్ళు తాగకపోతే మంట రాక ఏమవుతుంది?”

“తాగితే వెళ్ళాలి కదమ్మా. పప్పు పొయ్యి మీదుండగా ఎన్నిసార్లని వెళ్తాను?” అంది మెల్లగా.

ఆ జవాబులో ఎంత ఉందో ఇప్పుడు తెలుస్తోంది. ఆ పూట మాత్రం బయట ముప్ఫై మంది ఉన్నారని గడియారం చూసుకున్నాను. ఆవిడే లేచి వెళ్ళిపోయింది.

వినాయక చవితి వచ్చింది. మా సందు మొదట్లో ఆటోవాళ్ళూ, కోచింగు పిల్లలూ కలిసి గణపతిని నిలబెట్టారు. మైకు హోరులో స్టెతస్కోపు చెవిలో పెట్టుకుంటే పాటే వినపడేది. ఆ రోజుల్లో ఆవిడ నాలుగోసారి వచ్చింది. మనిషి కాస్త పాలిపోయి కనిపించింది. నేను చీటీ రాసేశాను, ఆవిడ తీసుకుని బయటికి నడిచింది. రెండు నిమిషాలకి ఆయా కర్టెన్ పక్కకి లాగి లోపలికి వచ్చింది. చేతిలో పులిహోర ప్రసాదం పొట్లాలు.

“డాక్టరమ్మా, జర ఆగుండ్రి. గా మెస్సామె పెసాదం ముట్టలే.”

“షుగరేమోలే. నెక్స్ట్ పేషెంటుని పిలువు.”

“షుగర్ లేదు, గిగర్ లేదు. నేను ఇయ్యబోతే చేతులు ఎన్కకు వెట్టుకున్నది. నాకు పనికిరాదమ్మా, ఆ బల్ల మీద పెట్టు అన్నది. గట్ల ఎవరంటరు? బయటున్నోళ్ళంటరు.”

“ఆవిడకి యాభై ఎనిమిదేళ్ళు. ముట్లు ఎప్పుడో ఆగిపోయాయి.”

“నేను సుత గదే అంటున్న. ఆగిపోయినామెకు మళ్ళ గదేంది?”

పెన్ను కింద పెట్టేశాను. నాలుగు నెలలు. నాలుగుసార్లు నా ఎదుట కూర్చుంది. మూత్రంలో ఎర్రగా పడుతోందని ఆవిడ చెప్పింది, నేను రాసుకున్నాను. ఆ ఎరుపు ఎక్కడి నుంచి వస్తోందో నేను చూడలేదు. ఆ ఇరుకు బాత్రూములో, సిగ్గుతో, తొందరలో పట్టిన సీసాలోకి ఎక్కడి రక్తమైనా వచ్చి చేరవచ్చు. ఈ సంగతి నిన్న చేరిన హౌస్ సర్జన్‌కి కూడా తెలుసు. ముట్లాగిపోయాక ఒక్క చుక్క కనిపించినా, అది కాదని తేలేదాకా క్యాన్సరేమో అని చూడాలని నేనే ఆ హౌస్ సర్జన్లకి పాఠం చెప్పేదాన్ని.

“పరుగెత్తు. ఆవిణ్ణి పట్టుకో” అన్నాను. యాభై రెండేళ్ళ ఆయా ఆ కుర్రాళ్ళ మధ్యలోంచి మెట్లు దిగి పరుగెత్తింది. సందు చివర జిరాక్స్ షాపు దగ్గర దొరికిందట. వెనక్కి తెచ్చేసరికి ఇద్దరికీ ఆయాసం. ఆవిడకి కోపం కూడా. “బియ్యం కడిగి వచ్చానండీ, ఏంటి సంగతి?” అంది. నేను ఆయాతో తలుపు వేయించి, ఎవరినీ రానివ్వకుండా బయట నిలబడమన్నాను. ఆ గది తలుపు మూయడం అదే మొదటిసారి అనుకుంటాను. బల్లకి ఇటువైపు వచ్చి ఆవిడ పక్క కుర్చీలో కూర్చున్నాను.

“బట్ట పెట్టుకుంటున్నారా?”

మూసిన తలుపు వైపు ఒకసారి చూసింది. తర్వాత తలూపింది.

“మూత్రానికి వెళ్ళనప్పుడు కూడా దానికి ఎర్రగా అంటుతోందా?”

“అంటుతోందమ్మా.”

“ఎప్పట్నుంచి?”

“ఉగాది అయిన వారానికి మొదలైంది. ఆగుతుంది, మళ్ళీ వస్తుంది.” కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “ఈ వయసులో మళ్ళీ ముట్టు వచ్చిందని ఎవరికి చెప్పుకోనమ్మా? భర్త పోయి తొమ్మిదేళ్ళు. వింటే నవ్వుతారు. నవ్వినా పర్లేదు. అంటు మనిషి వండిందని తెలిస్తే ఆ పిల్లలు తింటారా? వంట మానేస్తే వాళ్ళేం తింటారు, నేనేం తింటాను? దేవుడి అర వంటింట్లోంచి తీయించి ముందు గదిలో పెట్టించాను. నేను దణ్ణం కూడా పెట్టడంలేదు. మూత్రంలో అని చెబితే మందిస్తారు కదా, దాంతో అదే ఆగిపోతుందనుకున్నాను.”

ఆవిడ నాకు అబద్ధం చెప్పలేదు. తను భరించగలిగిన మాటలో చెప్పింది. నేను చదువుకున్నదాన్ని, అంటూ మైలా పట్టించుకోనిదాన్ని. ఆ గొప్ప నాకు బాగా ఉండేది. అందువల్లే ఒక మనిషి వీటి కింద ఇంతగా నలిగిపోతుందని నాకు తట్టనేలేదు, ఆయాకి తట్టింది.

టేబుల్ మీద పడుకోబెట్టి పరీక్ష చేశాను. అతి చిన్న పరికరం వాడినా విలవిల్లాడింది. హార్మోను తగ్గి లోపలి చర్మం పల్చబడి, పొడిబారి, తాకితే ఎర్రబడుతోంది. మంటకీ, మాటిమాటికీ వెళ్ళాలనిపించడానికీ కారణం అదే, ఇన్ఫెక్షన్ కాదు. మొదటి రోజే చూసి ఉంటే రాయడానికి ఒక క్రీము సరిపోయేది, ఇన్ని మాత్రలు మింగే అవసరమే ఉండేది కాదు. అక్కడ నాకు ఇంకో ఆశ పుట్టింది, అదీ చెబుతాను. రక్తం కూడా ఈ పొడిబారిన చర్మం నుంచే అని రాసేస్తే సరిపోతుంది కదా అని. ఒక కారణం దొరికాక రెండోది వెతకబుద్ధి కాదు. అమ్మాయిలూ, మీకూ వెతకబుద్ధి కాదు, చూసుకోండి.

సన్నటి గొట్టంతో మూత్రం నేరుగా తీశాను. తేటగా ఉంది. ల్యాబులో చూసినా ఎర్రకణం లేదు. ఆ పూట మెస్సులో కూర మాడినా సరే అని చెప్పి, ఆయాని తోడిచ్చి ఆటోలో పంజాగుట్ట స్కానింగ్ సెంటర్‌కి పంపాను. గర్భసంచి లోపలి పొర ఆ వయసుకి ఉండాల్సిన దానికన్నా బాగా మందంగా ఉందని అక్కడి డాక్టరు ఫోన్ చేసి చెప్పాడు. మర్నాడే ఆ పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాను. రిపోర్టు వచ్చేదాకా నాకు అన్నం సయించలేదు. ఆవిడ పోతే నా చేతుల మీద పోయినట్టే అనుకున్నాను. అతిశయంగా చెప్పడంలేదు, అలాగే అనుకున్నాను.

క్యాన్సరే వచ్చింది. దిల్‌సుఖ్‌నగర్‌లో కాపురముండే ఆవిడ కూతురు కూడా వచ్చి పక్కన కూర్చుంది. ఎలా చెప్పాలో రెండు రోజులు మనసులో అనుకుని పెట్టుకున్న మాటలన్నీ మరిచిపోయి, ఉన్నదున్నట్టు చెప్పాను. కూతురు ఏడ్చింది. ఆవిడ ఏడవలేదు. ముందుకి వంగి అడిగింది.

“అయితే ఇది ముట్టు కాదా అమ్మా?”

“కాదు. రోగం.”

“రోగమేనా? ఖాయమా?”

“ఖాయమండీ. క్యాన్సర్ అంటున్నాను, వింటున్నారా?” నాకు కోపం వచ్చింది. ఆవిడ మొహంలో తెరిపి కనపడుతోంది మరి.

“విన్నానమ్మా.” కళ్ళు మూసుకుని గట్టిగా ఊపిరి తీసుకుంది. “ఈ ఏడు మా పిల్లలకి ఒక్కడికీ ఉద్యోగం రాలేదు. కంపెనీల వాళ్ళు రమ్మని, తర్వాత వద్దంటున్నారట. ఇంటికి ఫోన్ చేసి ఏం చెప్పాలో తెలీక మెట్ల మీద కూర్చుని ఏడుస్తున్నారు. అంటు చేత్తో వండి పెడుతున్నాను, నా వల్లే వీళ్ళకి ఇలా అవుతోందని నేను కుమిలిపోతున్నాను.”

ఆ ఏడాది సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు దొరకని సంగతి ఊరందరికీ తెలుసు. పైన రెండంతస్తుల్లో సగం కుర్చీలు ఖాళీ అయ్యాయి. కారణం ఎక్కడో సముద్రాల అవతల ఉందని పేపర్లు రాశాయి. మధురానగర్‌లో ఒక వంటింట్లో ఒక మనిషి ఆ పాపమంతా తన నెత్తిన వేసుకుని అన్నం వార్చిందని ఏ పేపరూ రాయలేదు. ఆవిడ ముందు నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

బంజారా హిల్స్‌లో ఒక పెద్దాసుపత్రిలో ఆపరేషన్ చేశారు. నేనూ వెళ్ళి పక్కన నిలబడ్డాను. గర్భసంచి దాటి వెళ్ళలేదన్నాడు సర్జన్. ఇంకో నాలుగు నెలలు మాత్రలే రాసి ఉంటే ఏమయ్యేదని నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు.

తర్వాత నేను పెద్దగా ఏమీ సాధించలేదు. మా గది తలుపు వేయడం మొదలుపెట్టాను. ఇంటి యజమానితో పోట్లాడి మా అంతస్తులోనే ఒక బాత్రూమ్ కట్టించాను. యాభై దాటిన వాళ్ళకి తోడు వచ్చిన వాళ్ళని అయిదు నిమిషాలు బయట కూర్చోబెట్టి అన్నీ అడిగేదాన్ని. మంట మూత్రం పోస్తున్నప్పుడేనా, ఊరికే ఉన్నప్పుడు కూడానా? దగ్గితే, తుమ్మితే పడుతుందా? బాత్రూమ్ దాకా ఆపుకోగలరా? పొడిగా, దురదగా ఉందా? కలయికలో నొప్పా? బట్ట మీద ఏ రంగు చూశారు? మూడో గడిలో గీత మానేసి, ఎన్నేళ్ళ కింద ఆగింది, తర్వాత ఒక్క చుక్కైనా కనిపించిందా అని మాటల్లో రాసేదాన్ని. ఓపీ ఆలస్యమయ్యేది, తిట్టుకునేవాళ్ళు.

అలా అడగడం మొదలుపెట్టిన వారంలో ఒక మధ్యాహ్నం ఆయా తనే తలుపు వేసి కూర్చుంది. “నాకు సుత దగ్గితే పడ్తది డాక్టరమ్మా. చిన్నోడు పుట్టిన కాన్నుంచి” అంది. చిన్నోడికి అప్పటికి పాతికేళ్ళు. పన్నెండేళ్ళు నా పక్కనే నిలబడి, నేను లోకమంతటికీ వైద్యం చేస్తుంటే చూసింది. “ఇన్నాళ్ళూ చెప్పలేదేం?” అంటే, “మీకు ఫుర్సత్ ఏడిది?” అంది.

ఆపరేషనైన ఆర్నెల్లకి ఆవిడ మా ఇద్దరినీ ఒక ఆదివారం భోజనానికి పిలిచింది. దేవుడి అర మళ్ళీ పొయ్యి పక్కకే చేరింది, పసుపు కుంకుమలు తాజాగా ఉన్నాయి. ముందు ప్రసాదం తెచ్చి ఆయా చేతిలో పెట్టింది. ఆయా నావైపు చూసి నవ్వింది. తర్వాత విస్తళ్ళు వేసి, గోంగూర పప్పు, వంకాయ కూర వడ్డించింది. ఇద్దరు పిల్లలకి ఉద్యోగాలొచ్చాయట. “అది కూడా నా వల్ల కాదులెండి” అని తనే నవ్వింది.

నవ్వులో ఉంది కదా అని నేను చనువు తీసుకున్నాను. మనసులో ఎక్కడో ఇంకా నన్ను నేను వెనకేసుకొస్తూ ఉన్నాను కాబోలు. “నాలుగు నెలలు నన్ను తిప్పారు కదండీ. మొదటి రోజే చెప్పి ఉంటే ఇద్దరికీ ఇంత అవస్థ ఉండేది కాదు” అన్నాను.

నెయ్యి వేస్తున్న చెయ్యి ఆగింది. కోపమేమీ లేదు, మామూలుగానే అంది. “ఆ రోజు చెప్పేద్దామనే వచ్చానమ్మా. మీరు అడిగితే చెబుదామని మీ పెన్ను వైపే చూస్తూ కూర్చున్నాను. మీరు ఏదో అడగబోయారు. నా నుదురు చూశారు. గీత గీసేశారు.”

ఇంకో గరిటె పప్పు వేసింది. నేను వద్దనలేదు. మజ్జిగ పోసేదాకా విస్తరి మీదనుంచి తలెత్తకుండా తిన్నాను.